చిన్న ఆట రాసి, కోడ్‌తో సహా బయట పెట్టడం ఎలా?

నేను మొదలుపెట్టిన మొదటి గేమ్‌కి నలభై పేజీల కథ ఉండేది. పదకొండు రాజ్యాల మ్యాప్, ఏ కత్తికి ఎంత పదునో చెప్పే పట్టిక, రాజులకీ మంత్రులకీ పేర్లు, అన్నీ ఉండేవి. లేనిదల్లా గేమే. రెండోదానిలో ఒక బంతి, ఒక పలక, అంతే. అది పూర్తయింది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆడారు. ఆ రెండోదాన్ని ఎలా చేశానో అదే వరసలో చెబుతాను, మీరూ చేస్తూ చదవండి.

ఇది ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లకి కాదు, సరదాకి కోడ్ రాసేవాళ్లకి. వేరియబుల్, ఇఫ్, లూప్, ఫంక్షన్ అంటే ఏమిటో తెలిస్తే చాలు. రోజుకో గంట కూర్చోగలిగితే రెండు మూడు వారాల్లో తెమిలే పని.

ముందు ఆటని కుదించండి

కాగితం మీద మూడు ప్రశ్నలకి జవాబులు రాయండి. ఆడేవాడు ఏం చేస్తాడు? ఎప్పుడు ఓడిపోతాడు? ఓడిపోయాక ఇంకోసారి ఎందుకు ఆడతాడు? ఒక్కో జవాబు ఒక్క వాక్యం దాటకూడదు. దాటిందంటే ఆట ఇంకా పెద్దగానే ఉందన్నమాట, మళ్లీ కోయండి. నా జవాబులు ఇవి: పలకను అటూ ఇటూ జరుపుతాడు. బంతి కింద పడితే ఓడిపోతాడు. మూడోదానికి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది: బంతి వేగం పెరిగేకొద్దీ ‘ఇంకొక్క దెబ్బ కొట్టేవాణ్ణే’ అనిపిస్తుంది కాబట్టి.

ఇంత చిన్న ఆట పిల్లల పనిలా ఉందని సిగ్గుపడకండి. 1972లో అటారీ అనే గేమ్ కంపెనీలో, దాని వ్యవస్థాపకుల్లో ఒకడైన నొలన్ బుష్నెల్ కొత్తగా చేరిన ఇంజనీరు అలన్ అల్కార్న్‌కి చేయి తిరగడానికని ఒక పని అప్పగించాడు. అదే పాంగ్, ఇద్దరు చెరో పలకతో బంతిని అటూ ఇటూ కొట్టుకునే ఆట. అల్కార్న్ దాన్ని మొక్కుబడిగా చేయలేదు. పలకను ఎనిమిది ముక్కలుగా విడదీసి, బంతి ఏ ముక్కకి తగిలితే ఆ కోణంలో తిరిగి వెళ్లేలా చేశాడు. ఆట సాగేకొద్దీ బంతి వేగం పెంచాడు. పలకలేమో తెర పైఅంచు దాకా వెళ్లేవి కావు, సర్క్యూట్‌లో లోపం. దాన్ని దిద్దకుండా వదిలేశాడు, ఎందుకంటే ఆ సందు లేకపోతే బాగా ఆడే ఇద్దరి మధ్య ఆట ఎంతకీ తేలదు. ఇందులో కోణం సంగతి గుర్తుంచుకోండి, మనకి పనికొస్తుంది.

ఇంకొకరి ఆటని విప్పి చూడండి

మన కోడ్ ఒక్క లైను కూడా రాయకముందే ఇది చేయాలంటాను. ఓపెన్ సోర్స్ ఆటలు, అంటే కోడ్‌ని ఎవరైనా చూసి మార్చుకోగలిగేవి, బోలెడున్నాయి: సూపర్‌టక్స్‌కార్ట్, లువాంటీ, 2003 నుంచి నడుస్తున్న బ్యాటిల్ ఫర్ వెస్నాత్. 1993లో వచ్చిన డూమ్ సోర్స్ కూడా 1997 డిసెంబరులో బయటికి వచ్చింది. కానీ మొదటిసారికి డూమ్ వద్దు. తెరవగానే బెదిరిపోయి మూసేస్తారు.

వెస్నాత్ తీసుకోండి, అది వంతులవారీగా ఆడే యుద్ధం ఆట. అందులో సైనికుల వివరాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. డేటా ఫోల్డర్‌లో కోర్, దానిలో యూనిట్స్ తెరిచి ఏదో ఒక ఫైల్‌ని ఎడిటర్‌లో చూడండి. హిట్‌పాయింట్స్ అని ఒక లైను కనిపిస్తుంది, పక్కనే ఒక అంకె. ఫైల్‌కి కాపీ తీసి పెట్టుకుని ఆ అంకెను పదింతలు చేయండి. సేవ్ చేసి, ఆట మళ్లీ తెరిచి, ఆ సైనికుణ్ణి యుద్ధానికి పంపండి. కంపైల్ చేసే పని లేదు.

చూస్తే వెధవ పని. కానీ తెర మీద జరిగే ప్రతిదీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రాసిన అంకె అని చేతికి తెలిసేది అప్పుడే. నాకు కోడ్ భయం పోయింది పాఠాలు చూసి కాదు, ఇలాంటి అంకెలు చెడగొట్టి. మూత తీయడానికి వీల్లేని ఆటలతో ఈ అవకాశం ఉండదు. ఓపెన్ టెక్నాలజీ గురించి ఎన్ని పెద్ద మాటలు చెప్పినా, నా వరకు అసలు లాభం ఇదే.

ఇలా మూడు నాలుగు అంకెలు మార్చి చూశాక ముందుకి కదలండి.

పనిముట్టు ఒకటే ఎంచుకోండి

నేను వాడేది గోడో. అర్జెంటీనాకి చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మన్సూర్ మొదలుపెట్టిన గేమ్ ఇంజిన్ ఇది. 2014లో ఎంఐటీ లైసెన్స్‌తో, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకునే అనుమతితో, సోర్స్ విడుదల చేశారు. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, జిప్ విప్పి నేరుగా నడపొచ్చు. దాని సొంత భాష జీడీస్క్రిప్ట్, పైథాన్ తెలిసినవాళ్లకి ఒక సాయంత్రంలో అలవాటవుతుంది.

లైసెన్స్ సంగతి ఇక్కడెందుకని అనుకోవచ్చు. 2023 సెప్టెంబరులో, ఇంకో పేరున్న గేమ్ ఇంజిన్ చేసే యూనిటీ కంపెనీ, గేమ్ ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ ఫీజు అని ప్రకటించింది. డెవలపర్లు భగ్గుమన్నారు. ముందు షరతులు సడలించింది, ఏడాది తర్వాత ఆ ఫీజునే ఎత్తేసింది. సరదాకి రాసుకునే మనలాంటివాళ్ల దాకా ఆ ఫీజు వచ్చేది కాదు, నిజమే. అయినా షరతులు ఒక్క రాత్రిలో మారగలవని అందరికీ తెలిసొచ్చింది. ఎంఐటీ లైసెన్స్‌తో మీ చేతికి వచ్చిన వెర్షన్ మీదే, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

పైథాన్ ఇష్టమైతే పైగేమ్, లువా ఇష్టమైతే లవ్ వాడుకోండి, రెండూ మంచివే. ఒకటి పట్టుకున్నాక ఆట పూర్తయ్యేదాకా మార్చొద్దు. ఇంజిన్లు పోల్చే వీడియోలు చూస్తూ కూర్చోవడం కూడా బద్ధకమే, కాస్త బిజీగా కనిపించే బద్ధకం.

బంతిని కదిలించండి

అసలు పని ఇక్కడుంది, తొందరపడకండి.

కొత్త ప్రాజెక్ట్ తెరిస్తే గోడో 4లో విండో 1152 × 648 పిక్సెళ్లు ఉంటుంది. అలాగే ఉంచండి. గోడోలో ఆటలోని ఒక్కో భాగాన్నీ నోడ్ అంటారు. బంతికి క్యారెక్టర్‌బాడీ2డీ నోడ్, పలకకి ఇంకొకటి, ఎడమ, కుడి, పై గోడలకి స్టాటిక్‌బాడీ2డీ నోడ్‌లు. ప్రతిదానికీ కొలిజన్‌షేప్, అంటే ఢీకొనే హద్దు, తగిలించాలి, లేకపోతే ఒకదాన్నొకటి పట్టించుకోవు. బొమ్మలు గీయొద్దు. తెల్ల చతురస్రాలు చాలు. ఆట బాగుంటే చతురస్రాలతోనే బాగుంటుంది, బాగోకపోతే రంగులు పూసినా బాగుపడదు.

మొదట్లో అందరూ చేసే తప్పు: ప్రతి ఫ్రేమ్‌కీ బంతిని 5 పిక్సెళ్లు జరపడం. సెకనుకి 60 ఫ్రేములు చూపే తెర మీద అది సెకనుకి 300 పిక్సెళ్లు. అదే కోడ్ 144 హెర్ట్జ్ తెర మీద 720 అవుతుంది. మీ దగ్గర ఆడుకునేలా ఉన్న ఆట స్నేహితుడి దగ్గర అందకుండా పరిగెడుతుంది. అందుకే వేగాన్ని ఎప్పుడూ సెకనుకి ఇన్ని పిక్సెళ్లు అని లెక్కపెట్టి, పోయిన ఫ్రేమ్ నుంచి గడిచిన కాలంతో గుణించాలి. ఆ కాలం పేరే డెల్టా.

కదలిక = వేగం × డెల్టా

గోడోలో ఢీకొట్టడానికి సంబంధించిన కోడ్ ఫిజిక్స్ ప్రాసెస్ అనే ఫంక్షన్‌లో రాస్తాం. మార్చకపోతే అది సెకనుకి 60 సార్లు నడుస్తుంది. వస్తువుని కదిలించడానికి రెండు ఫంక్షన్లున్నాయి, ఇక్కడో మెలిక ఉంది. మూవ్ అండ్ కొలైడ్ వాడితే డెల్టాతో మీరే గుణించాలి. మూవ్ అండ్ స్లైడ్ అయితే ఆ లెక్క తనే చేసుకుంటుంది, మీరు మళ్లీ గుణిస్తే బంతి నత్తలా పాకుతుంది. నేను ఒక ఆదివారం మొత్తం వేగం అంకెకి సున్నాలు తగిలిస్తూ గడిపింది ఈ మెలిక తెలియకే. బంతికి మొదటిది వాడండి.

ఇంకో గండం బంతి గోడలోంచి దూరిపోవడం. బంతి సెకనుకి 1800 పిక్సెళ్ల వేగంతో వెళ్తోందనుకోండి. 60వ వంతు సెకనులో 30 పిక్సెళ్లు దూకుతుంది. పలక మందం 16, బంతి 8. రెండూ కలిపి 24. అంటే ఒక ఫ్రేమ్‌లో పలకకి పైన, తర్వాతి ఫ్రేమ్‌లో కింద. మధ్యలో తగిలిన క్షణమే లేదు. ‘ఇప్పుడు తాకుతోందా?’ అని మాత్రమే అడిగే కోడ్‌కి ఇది కనిపించదు. మూవ్ అండ్ కొలైడ్ దారి పొడవునా చూసుకుంటూ వెళ్తుంది కాబట్టి మనం బతికిపోతాం. పైగేమ్‌లో అయితే ఆ 30 పిక్సెళ్లను చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి, ప్రతి అడుగుకీ మీరే చూసుకోవాలి.

గోడలకి తగిలినప్పుడు బౌన్స్ ఫంక్షన్ చాలు. పలకకి మాత్రం అది వాడొద్దు. అద్దం మీద వెలుతురులా తిరిగి వెళ్లే బంతిలో ఆటగాడి నేర్పు ఏమీ ఉండదు. అల్కార్న్ ఎనిమిది ముక్కలతో చేసింది మనం ఒక లెక్కతో చేద్దాం:

తేడా = (బంతి ఎక్స్ − పలక మధ్య ఎక్స్) ÷ పలక వెడల్పులో సగం
కోణం = తేడా × 60 డిగ్రీలు
అడ్డ వేగం = మొత్తం వేగం × సైన్(కోణం)
నిలువు వేగం = − మొత్తం వేగం × కాస్(కోణం)

నడిమధ్యన తగిలితే బంతి నిట్టనిలువుగా లేస్తుంది, అంచున తగిలితే 60 డిగ్రీలు పక్కకి వాలుతుంది. మైనస్ గుర్తు ఎందుకంటే తెర మీద వై విలువ కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది, లెక్కల పుస్తకానికి తలకిందులు. సైన్, కాస్‌లకి డిగ్రీలు ఇస్తే అర్థం చేసుకోవు, ముందు రేడియన్లలోకి మార్చి ఇవ్వండి. తేడాని −1కీ 1కీ మధ్య బిగించే లైను కూడా ఒకటి తప్పక పెట్టండి. బంతికి సొంత వెడల్పు ఉంటుంది కదా, పలక చివరన దాని పక్కభాగం తగిలితే తేడా ఒకటి దాటిపోతుంది. ఈ లైను నాకు తట్టింది కాదు. ఎలా వచ్చిందో చివర్లో చెబుతాను.

ఈ లెక్కతో ఇంకో లాభం ఉంది. నిలువు వేగాన్ని −1తో గుణించే పద్ధతిలో, బంతి కొంచెం లోపలికి దిగబడితే ప్రతి ఫ్రేమ్‌కీ దిశ తిరిగిపోతూ పలకకి అతుక్కుని వణుకుతుంది. ఇక్కడ తగిలిన ప్రతిసారీ పైకే వెళ్తుంది కాబట్టి ఆ బెడద లేదు.

పలక కదలికకి బాణం బటన్లు గోడోలో ముందే సిద్ధంగా ఉంటాయి. బంతి వై విలువ 648 దాటితే ఆట అయిపోయినట్టు.

చేతికి నచ్చేదాకా అంకెలు మార్చండి

ఇప్పుడు ఆట ఆడొచ్చు, కానీ బోరు కొడుతుంది. కంగారు పడకండి, అందరిదీ అంతే.

వేగం, పలక వెడల్పు, కోణం లాంటి అంకెలన్నిటికీ ఎక్స్‌పోర్ట్ అనే గుర్తు తగిలించండి. అవి గోడో ఎడిటర్‌లోని ఇన్‌స్పెక్టర్ అనే పట్టీలో కనిపిస్తాయి, కోడ్ ముట్టుకోకుండా మార్చుకోవచ్చు. ఒకసారికి ఒక్క అంకె మార్చి పది సార్లు ఆడండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ప్రతి దెబ్బకీ వేగం 4 శాతం పెంచి చూడండి. తక్కువ అనిపిస్తుంది గానీ ఇరవై దెబ్బలకి రెండింతలు దాటుతుంది. కాబట్టి పైన ఒక హద్దు పెట్టాలి. తగిలినప్పుడు చిన్న ‘టక్’ శబ్దం పెట్టండి. నా ఆటలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఆ శబ్దమే. తెర ఊగే ఎఫెక్ట్ పెడితే దాన్ని ఆపుకునే బటన్ కూడా పెట్టండి, కొందరికి కళ్లు తిరుగుతాయి.

ఓడిపోయాక మళ్లీ మొదలవడానికి ఒక్క బటన్, అర సెకను. ‘మీరు ఓడిపోయారు’ అని మూడు సెకన్లు చూపించి, మెనూకి పంపి, అక్కడ ఇంకోసారి నొక్కమనే ఆటలంటే నాకు ఒళ్లు మండుతుంది. రీలోడ్ కరెంట్ సీన్ అని ఒక్క లైను రాస్తే సరిపోయేదానికి ఇంత తతంగం ఎందుకు?

స్కోరు, సూచనలు తెలుగులో పెట్టాలనుకుంటే గోడో 4 వాడండి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే ఏర్పాటు ఆ వెర్షన్‌తోనే వచ్చింది, అంతకు ముందువాటిలో అక్షరాలు విడివిడిగా పడతాయి. ఫాంట్‌ని కూడా ప్రాజెక్ట్‌లోనే పెట్టాలి. మీ కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ ఉంది కాబట్టి ఎడిటర్‌లో బాగానే కనిపిస్తుంది, బ్రౌజర్‌లోకి వెళ్లేసరికి డబ్బాలే మిగులుతాయి. నోటో సాన్స్ తెలుగు ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉంది, మొహమాటం లేకుండా వాడుకోవచ్చు.

గిట్‌లో పెట్టండి

గిట్ అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పు చరిత్రనీ దాచిపెట్టే పనిముట్టు. నిజానికి ఇది మొదటి రోజే చేయాలి. ముందే చెబితే టెన్షన్ పడి పారిపోతారని ఆగాను. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నల్ కోసం రాసిన ఈ పనిముట్టులో మనకి కావలసింది నాలుగు కమాండ్లే: ఇనిట్, యాడ్, కమిట్, పుష్. రోజు పని ముగిశాక ఒక కమిట్, దానితో పాటు ఏం మార్చారో ఒక్క వాక్యం. ‘మార్పులు’ అని రాయకండి, నెల తర్వాత మీకే అర్థం కాదు. డాట్ గోడో అనే ఫోల్డర్‌ని గిట్ పట్టించుకోకుండా చేయండి, దాన్ని ఎడిటర్ మళ్లీ తయారు చేసుకుంటుంది. పాస్‌వర్డ్‌లు ఏ ఫైల్‌లోనూ పెట్టొద్దు. తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత చరిత్రలో అలాగే ఉంటాయి.

లైసెన్స్ ఫైల్ లేకపోతే అది ఓపెన్ కాదు

కోడ్‌ని అందరికీ కనిపించేలా పెట్టేస్తే ఓపెన్ సోర్స్ అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు. లైసెన్స్ రాయకపోతే హక్కులన్నీ మీ దగ్గరే ఉన్నట్టు. చూడటానికి తప్ప ఎవరికీ వాడుకోవడానికి అనుమతి ఉండదు. మంచి కోడ్ ఇలా లైసెన్స్ లేక వృథాగా పడి ఉండటం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

తేల్చుకోవలసింది ఒక్కటే. ఎవరైనా మీ కోడ్ తీసుకుని, మార్చి, తమ మార్పులు దాచుకుంటే మీకు అభ్యంతరమా? కాదంటే ఎంఐటీ. అది చిన్నది, కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం ఉంచమంటుంది, అంతే. అభ్యంతరమే అంటే జీపీఎల్. దాని ప్రకారం మార్చిన ఆటను పంచేవాళ్లు సోర్స్‌ని కూడా అవే షరతులతో ఇవ్వాలి. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని మొదట రాసింది అందుకే. ఇంత చిన్న ఆటకి నేను ఎంఐటీ పెడతాను. ఏళ్ల తరబడి పెంచే ప్రాజెక్ట్ అయితే జీపీఎల్ వైపే మొగ్గుతాను.

బొమ్మలు, శబ్దాలు, సంగీతం వేరే లెక్క. వాటికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు చూడండి. సీసీ జీరో అంటే ఎలాగైనా వాడుకోవచ్చు, పేరు కూడా చెప్పక్కర్లేదు. కెన్నీ సైట్‌లో గేమ్ బొమ్మలు కుప్పలుగా దొరుకుతాయి, అన్నీ సీసీ జీరోనే. సీసీ బై అయితే చేసినవాళ్ల పేరు చెప్పాలి. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదని అర్థం. ఆ షరతుతో ఉన్నదాన్ని కలిపేస్తే మీ ఆట మొత్తంగా ఓపెన్ అని చెప్పుకోలేరు. వాడిన ప్రతి ఫైల్‌కీ ఎక్కడిది, ఎవరిది, ఏ లైసెన్స్ అని క్రెడిట్స్ ఫైల్‌లో ఆ రోజే రాసేయండి. ‘తర్వాత రాద్దాంలే’ అనుకుని నేను ఒక పాట ఎక్కడినుంచి తెచ్చానో మర్చిపోయాను. రెండు రోజులు వెతికి, దొరక్క, చివరికి పాటనే పీకేశాను.

పాత ఆటల్ని అనుకరించేవాళ్లకి ఒక మాట. ఆట నియమాల మీద కాపీరైట్ ఉండదు గానీ, ఆట రూపం మీద ఉంటుంది. 2012లో అమెరికాలో టెట్రిస్ హక్కుదారులు ఒక అనుకరణ మీద కేసు గెలిచింది రూపం విషయంలోనే. పేరూ రూపూ మీ సొంతవి పెట్టుకోండి.

బ్రౌజర్‌లో ఆడేలా చేయండి

డౌన్‌లోడ్ చేయమంటే స్నేహితులు కూడా ‘సాయంత్రం చూస్తా’ అంటారు. లింక్ ఇస్తే అప్పుడే నొక్కుతారు. గోడోలో వెబ్ ఎక్స్‌పోర్ట్ ఉంది. ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు ఒకసారి దించుకోవాలి, రెండరర్ కంపాటిబిలిటీలో ఉండాలి. బయటికి వచ్చే ఫైల్‌కి ఇండెక్స్ అని పేరు పెట్టి, అన్నిటినీ కలిపి జిప్ చేసి, ఆటలు పెట్టుకునే సైట్ ఇచ్ డాట్ ఐఓలో ఎక్కించి, బ్రౌజర్‌లో ఆడేది అని టిక్ పెడితే చాలు.

ఆ ఇండెక్స్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి ‘పనిచేయట్లేదు’ అనుకోవద్దు, అది సర్వర్ నుంచే నడుస్తుంది. శబ్దం రాకపోతే అది కూడా బగ్ కాదు. ఆడేవాడు ఏదో ఒకటి నొక్కేదాకా బ్రౌజర్లు శబ్దం రానివ్వవు. ‘మొదలుపెట్టడానికి నొక్కండి’ అని మొదట ఒక తెర పెట్టడానికి అదొక మంచి సాకు.

పక్కన కూర్చోండి, నోరు మెదపకండి

కోడ్ తెలియని ఒకరికి ఆట ఇచ్చి పక్కన కూర్చోండి. ‘అక్కడ నొక్కు’, ‘అది అలా కాదు’ అనకండి. నాలుక కొరుక్కునైనా ఊరుకోండి. నా ఆట మొదట ఆడిన మనిషి బాణం బటన్లు ముట్టుకోనే లేదు, మౌస్ జరుపుతూ ‘పలక కదలట్లేదు’ అన్నారు. ఆ రాత్రే మౌస్‌తో కూడా కదిలేలా మార్చాను. ముగ్గురు చూస్తే చాలు, మీరు నెల రోజులు కూర్చున్నా కనిపించని తప్పులు బయటపడతాయి.

వాటిని దిద్దాక గిట్‌లో ఆ వెర్షన్‌కి 1.0 అని ట్యాగ్ వేయండి. రీడ్‌మీలో నాలుగు విషయాలు రాయండి: ఇది ఏ ఆట, ఏ వెర్షన్ గోడోతో తెరవాలి, ఎలా నడపాలి, లైసెన్స్ ఏమిటి. తెరవడానికి కావలసిన వెర్షన్ రాయకపోవడం వల్ల మూలపడ్డ ప్రాజెక్టులు నాకే మూడున్నాయి.

తర్వాత ఎవరైనా మార్పులు పంపితే వెంటనే కలపాలనే రూలేమీ లేదు. నచ్చకపోతే ‘థాంక్స్, ఇది ఈ ఆటకి వద్దనుకుంటున్నా, మీ ఫోర్క్‌లో ఉంచుకోండి’ అని మర్యాదగా చెప్పొచ్చు. ఫోర్క్ అంటే మీ కోడ్‌కి వాళ్లు తీసుకున్న సొంత కాపీ. నా బంతి ఆటని కొన్ని నెలల తర్వాత ఎవరో ఫోర్క్ చేశారు. పలకను నిలువుగా తిప్పి, ఎదురుగా ఇంకో పలక పెట్టి, ఇద్దరు ఆడేలా మార్చారు. తిరిగి తిరిగి 1972 దగ్గరికే చేరిందని నవ్వుకుంటూ వాళ్ల కోడ్ తెరిచాను. కోణం లెక్క నాదే, కానీ దాని కింద నేను రాయని ఒక లైను ఉంది: తేడాని −1కీ 1కీ మధ్య బిగించేది. నా ఆటలో బంతి అప్పుడప్పుడు పలక అంచు నుంచి వింతగా పక్కకి జారిపోవడానికి కారణం అప్పుడు తెలిసింది. ఆ లైను తెచ్చుకుని కలుపుకున్నాను. క్రెడిట్స్ ఫైల్‌లో వాళ్ల పేరు చేర్చి, 1.1 ట్యాగ్ వేశాను.